పెద్ద బల్లి ఏది? కొలిచే ముందు తోక సంగతి తేల్చుకోండి

ఇంగ్లీషులో లిజార్డ్ అన్న ఒక్క మాటలో బల్లి, తొండ, ఉడుము, నలికిరి అన్నీ కలిసిపోతాయి. తెలుగులో ఆ చిక్కు లేదు. రాత్రి ట్యూబులైటు పక్కన పురుగు కోసం కాపు కాసేది బల్లి, పగలు కంచె మీద తల ఊపేది తొండ. శాస్త్రజ్ఞులు గెకోలు అని పిలిచే గుంపు దాదాపుగా మనం బల్లి అనేదే. కాబట్టి ఈ పోటీలో కొమొడో డ్రాగన్ లేదు. అది ఉడుము వర్గం.

తిరుపతి, చిత్తూరు బడుల్లో సైన్సు ఎగ్జిబిషన్ అనగానే అసలు సైజు బొమ్మలు కట్ చేసి పెట్టడం మామూలే. బల్లులు దానికి బాగా నప్పుతాయి. ఇంట్లో చూసేదే కనుక తేడా పిల్లలకు వెంటనే తగులుతుంది. చిక్కల్లా ఏ జాతిని ఎంచుకోవాలి, ఏ అంకె నమ్మాలి అన్న దగ్గరే. నెట్‌లో వెతికితే ఒకే జాతికి నాలుగు కొలతలు కనిపిస్తాయి. అన్నీ తప్పు కావు. ఒకరు తోకతో కొలిచారు, ఇంకొకరు తోక లేకుండా కొలిచారు, మూడోవాళ్లు అంగుళాలను సెంటీమీటర్లు చేసేటప్పుడు ఉదారంగా పైకి సరిచేశారు.

రెండు పొడవులు, ఒక బరువు

ముక్కు కొస నుంచి మలద్వారం దాకా ఉన్నదాన్ని ఇక్కడ ఒంటి పొడవు అందాం. ముక్కు కొస నుంచి తోక చివర దాకా మొత్తం పొడవు. పరిశోధకులు జాతులను పోల్చేటప్పుడు ఒంటి పొడవే తీసుకుంటారు. కారణం మన గోడ మీదే కనిపిస్తుంది. తరిమితే బల్లి తోక వదిలేసి పోతుంది. తర్వాత కొత్త తోక వస్తుంది గాని, అందులో వెన్నుపూసలు ఉండవు, మృదులాస్థి కడ్డీ మాత్రమే ఉంటుంది. చాలాసార్లు పాతదానికన్నా పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. అలాంటి బల్లిని మొత్తం పొడవుతో కొలిస్తే అదే వయసున్న పక్క బల్లికన్నా చిన్నదని తేలుతుంది. ఒళ్లు మాత్రం ఒకటే.

అందుకే ఒక అంకె కనిపించగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది ఒంటి పొడవా, మొత్తం పొడవా? చెప్పకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయండి. రెండోది, అది ఆ జాతిలో దొరికిన అతి పెద్దదాని కొలతా, మామూలు పెద్ద బల్లి కొలతా? ఒక జాతికి గరిష్ఠం, ఇంకో జాతికి సగటు పెట్టి పోలిస్తే ఆ పోలికకు అర్థం లేదు.

ఇప్పుడు అంకెలు. ఇవన్నీ గరిష్ఠానికి దగ్గర కొలతలు, సెంటీమీటర్లలో:

డెల్‌కోర్ బల్లి (అంతరించింది): ఒళ్లు 37, మొత్తం 62
న్యూ కాలెడోనియా (పసిఫిక్ దీవులు) పెద్ద బల్లి, ముద్దుపేరు లీచీ: ఒళ్లు దాదాపు 24, మొత్తం 36
మడగాస్కర్ ఆకుతోక బల్లి (పెద్ద జాతి): ఒళ్లు 20, మొత్తం 32
రోడ్రిగ్స్ దీవి పెద్ద పగటి బల్లి (అంతరించింది): ఒళ్లు దాదాపు 19, మొత్తం 40
టోకే బల్లి: ఒళ్లు దాదాపు 18, మొత్తం 35

రోడ్రిగ్స్ బల్లిని చూడండి. తోకతో కొలిస్తే రెండో స్థానం, తోక తీసేస్తే నాలుగో స్థానం. దాని తోక ఒంటికన్నా పొడుగు. లీచీ తోక ఒంటిలో సగమే. టోకేకూ లీచీకీ మొత్తం పొడవులో తేడా ఒక్క సెంటీమీటరే, రెండూ సమానమన్నా నమ్మేస్తాం. ఒంటి పొడవు చూస్తే ఆరు సెంటీమీటర్లు దూరం జరిగిపోతాయి.

బరువు దగ్గరికొస్తే ఆ దూరం ఇంకా తెలుస్తుంది. ఆకారం అలాగే ఉండి పొడవు రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది, ఎందుకంటే పొడవు, వెడల్పు, మందం మూడూ పెరుగుతాయి. మన ఇంటి గోడ బల్లి ఒళ్లు ఆరు సెంటీమీటర్లనుకుందాం, బరువు నాలుగు గ్రాములు, అంటే ఒక రూపాయి బిళ్లంత. లీచీ ఒళ్లు 24, అంటే నాలుగింతలు. 4 × 4 × 4 = 64. నాలుగు గ్రాములను 64తో గుణిస్తే 256. పెరిగిన లీచీ నిజంగా తూగేది సుమారు 250 నుంచి 300 గ్రాములు, బాగా పెద్దవి అంతకన్నా ఎక్కువే. ఇది పిల్లల చేత చేయించదగ్గ లెక్క, జవాబు సరిపోవడం చూస్తే వాళ్లు వదలరు. చిత్తూరు మండీలో ఒక మోస్తరు తోతాపురి కాయ చేతిలోకి తీసుకుంటే ఎంత బరువో, గోడ మీద అంత బల్లి.

ఇదే లెక్క టోకేకు వేస్తే 108 గ్రాములు వస్తుంది. నిజానికి అది 150 గ్రాములు సులువుగా దాటుతుంది. తల పెద్దది, దవడ కండ ఎక్కువ, ఒళ్లు బలిష్ఠం. అంటే సూత్రం తప్పని కాదు, ఆకారం మారిందని. లెక్క ఎక్కడ తప్పుతుందో అక్కడే ఆ జంతువు గురించి ఏదో తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్దది: ఒకే ఒక్క నమూనా

డెల్‌కోర్ బల్లి ప్రపంచంలో ఒకే ఒకటి ఉంది, అదీ లోపల కూరి పెట్టిన చర్మం, కొన్ని ఎముకలతో. ఫ్రాన్సులో మార్సేయ్ నగరపు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో రాసిన చీటీ లేదు. 1979లో అలాన్ డెల్‌కోర్ అనే మ్యూజియం ఉద్యోగి కంట పడింది. 1986లో బాయర్, రసెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొత్త జాతిగా వర్ణించి అతని పేరే పెట్టారు. న్యూజిలాండ్ బల్లుల పోలికలు కనబడటంతో అక్కడిదే అయ్యుంటుందని, అక్కడి మూలవాసులు మావోరీలు చెప్పుకునే కవేకవేయౌ అనే పెద్ద బల్లి ఇదే కావచ్చని అనుకున్నారు.

2023లో ఎముక నుంచి తీసిన డీఎన్ఏ ఆ కథను తిప్పేసింది. దాని చుట్టాలు న్యూజిలాండ్‌లో కాదు, న్యూ కాలెడోనియాలో ఉన్నాయి. దానికి గిగార్కానమ్ అని కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు పెట్టారు. పెద్దది, రహస్యం అన్న రెండు లాటిన్ మాటల కలయిక అది. ఇక్కడ జాగ్రత్త: 2023కు ముందు అచ్చయిన పుస్తకాల్లో, వాటిని చూసి రాసిన క్విజ్ ప్రశ్నల్లో న్యూజిలాండ్ అనే ఉంటుంది. చార్టు మీద న్యూజిలాండ్ అని రాస్తే, తెలిసిన జడ్జి మొదట అడిగేది దాని గురించే.

చీటీ చిక్కు దీనికొక్కదానికే రాలేదు. న్యూజిలాండ్‌లో ఇప్పుడు బతికున్న బల్లుల్లో పెద్దది డ్యువాసెల్ బల్లి, మొత్తం 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 1836లో దాన్ని వర్ణించినప్పుడు బెంగాల్ నుంచి వచ్చిందని పొరబడి, మన దేశంలో జంతువులు సేకరించిన ఆల్‌ఫ్రెడ్ డ్యువాసెల్ పేరు పెట్టారు. న్యూజిలాండ్ బల్లిని ఇండియాదనుకున్నారు, న్యూ కాలెడోనియా బల్లిని న్యూజిలాండ్‌దనుకున్నారు.

డెల్‌కోర్ బల్లి బరువు ఎవరూ తూచలేదు, తూచడానికి ఒళ్లు లేదు. లీచీని ఆధారంగా పెట్టుకుని లెక్క వేస్తే కిలో చుట్టూ వస్తుంది. ఆ అంకె రాసేటప్పుడు పక్కన ‘లెక్క కట్టినది’ అని తప్పకుండా రాయండి. పొడవు అంకెకూ ఒక షరతు ఉంది. ఎండిన చర్మం కొంత సాగి ఉండొచ్చు, కొంత ముడుచుకునీ ఉండొచ్చు. అయినా మిగతావాటికి అందనంత దూరంలో ఉంది కనుక స్థానం మారదు.

బతికున్నవాటిలో

లీచీదే మొదటి స్థానం, అందులో సందేహం పెట్టుకోనక్కర్లేదు. 1829లో క్యూవియే దాన్ని వర్ణించి విలియం లీచ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడి పేరు పెట్టాడు. ఒంటి పొడవులో, బరువులో రెండిట్లోనూ ముందుంది. ఒక్క మెలిక ఉంది. గ్రాండ్ టెర్ అనే ప్రధాన దీవిలోని బల్లులు పెద్దవి, చుట్టుపక్కల చిన్న దీవులవి పొట్టివి. ఫొటో కింద దీవి పేరు ఉంటే చూసుకోండి. పొట్టి రకం ఫొటో పెట్టి పెద్ద రకం కొలత రాయడం తరచూ జరిగే పొరపాటు. కొన్నిచోట్ల 43 సెంటీమీటర్లు అని కూడా కనిపిస్తుంది. 36 దగ్గర ఆగితే ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

మడగాస్కర్ ఆకుతోక బల్లిని 2006లో ప్రత్యేక జాతిగా వర్ణించారు. చూడటానికి అద్భుతం, చెట్టు బెరడులో కలిసిపోతుంది. కానీ పరిమాణం చూపించాలంటే దీన్ని ఎంచుకోకండి. ఒళ్లు పల్చన, అంచుల వెంట చర్మపు కుచ్చులు ఉంటాయి. అట్ట మీద కోస్తే ఉన్నదానికన్నా పెద్దగా కనిపించి మోసం చేస్తుంది. మారువేషం గురించి చార్టు చేస్తే మాత్రం దీన్ని మించింది లేదు.

టోకే మన దేశంలోనూ ఉంది, ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో, ఇళ్లలో. నీలిబూడిద రంగు ఒంటి మీద నారింజ చుక్కలు. ‘టో-కే’ అని అరుస్తుంది, పేరు అందుకే. కరిస్తే సులువుగా వదలదు. ‘మన దేశంలో పెద్ద బల్లి’ అన్న శీర్షికకు దీన్నే తీసుకోండి. ఈ జాతి చుట్టూ ఒక పాడు వ్యాపారం కూడా ఉంది. ఎయిడ్స్ నయం చేస్తుందని, ఇన్ని వందల గ్రాములు తూగితే లక్షలు, కోట్లు ఇస్తారని ఫోన్లలో తిరిగే సందేశాలు ఎప్పటివో. రోగం నయమవుతుందన్న మాటకు శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు. ఆ పుకారు వల్ల లెక్కలేనన్ని బల్లులు చచ్చాయి. చట్టం ప్రకారం దీన్ని పట్టడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణ ఉంది. బల్లి బరువు అడుగుతూ ఎవరైనా సందేశం పెడితే అది జంతుశాస్త్రం మీద ఆసక్తితో కాదు.

రోడ్రిగ్స్ పగటి బల్లి 1842 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పిల్లులు, నరికేసిన అడవులు దాన్ని తుడిచేశాయి. మిగిలినవి ఎముకలు, పాత రాతలు. బొమ్మ గీయడానికి నమ్మకమైన ఆధారం తక్కువ కనుక అంకెల పట్టికలో ఉంచి, అట్ట బొమ్మ చేయకుండా వదిలేయడం మంచిది.

పేరు చూసి మోసపోయే జాతి ఒకటి మన గోదావరి దగ్గరే ఉంది. 1871లో స్టోలిచ్కా భద్రాచలం ప్రాంతపు బల్లిని వర్ణించి ‘జైగాంటియస్’ అన్నాడు. అంటే రాక్షసాకారం. ఒళ్లు మాత్రం పది పన్నెండు సెంటీమీటర్లు. దాని ప్రజాతిలో పెద్దవాటిలో అదొకటి, అంతవరకే.

ఇంటి కొండ బల్లి

తిరుపతిలో పెట్టే ఏ బల్లుల చార్టులోనైనా బంగారు బల్లి లేకపోతే అది లోటే. 1870లో బెడ్డోమ్ తిరుపతి కొండల నుంచే దీన్ని వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా శాస్త్రజ్ఞులకు మళ్లీ కనిపించలేదు. 1980లలో ఇదే కొండల్లో తిరిగి దొరికింది. నీడగా, చెమ్మగా ఉండే బండల పగుళ్లలో ఉంటుంది. తెల్లని గుడ్లను రాతికి అంటించి పెడుతుంది, చాలా బల్లులు ఒకే చోట పెట్టడంతో బండ మీద గుంపులుగా కనిపిస్తాయి. బంగారు రంగు అన్నిటికీ, అన్ని కాలాల్లోనూ ఉండదు. జత కట్టే రోజుల్లో మగవాటిలో మెరుస్తుంది. కంచి వరదరాజస్వామి గుడిలో తాకి వచ్చే బంగారు బల్లి వేరు, అది లోహపు తొడుగుతో ఉన్న శిల్పం. పిల్లలు ఈ రెండూ ఒకటే అనుకుంటారు, చార్టులో ఒక వాక్యం రాసేస్తే సరి.

దీని ఒళ్లు ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు. లీచీలో మూడో వంతు. అయినా గోడ బల్లి పక్కన పెడితే పెద్దదే, మధ్య మెట్టుగా బాగా పనికొస్తుంది. దీనికి కూడా చట్ట రక్షణ ఉంది. చూడాలనుకుంటే దూరం నుంచి చూడండి. పగుళ్లలో పుల్లలు పెట్టడం, గుడ్ల మీద చెయ్యి వేయడం, ఫ్లాష్ కొట్టడం వద్దు.

ఏవి ఎంచుకోవాలి

ఒక్క చార్టే ఉంటే మూడు చాలు: గోడ బల్లి, బంగారు బల్లి, లీచీ. ఒంటి పొడవు 6, 8.5, 24. మూడూ నిజంగా బతికున్నవి, ఒకటి ఇంట్లోది, ఒకటి కొండది, ఒకటి సముద్రాల అవతలిది. రెండు చార్టులు పెట్టే చోటు ఉంటే రెండోదంతా డెల్‌కోర్ బల్లికే ఇవ్వండి. ఏడో తరగతి లోపు పిల్లలకు ఐదారు జాతులు పెడితే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. టోకేను లీచీ పక్కన పెట్టకండి. మొత్తం పొడవు దాదాపు ఒకటే కనుక దూరం నుంచి తేడా తెలియదు. టోకే పెట్టాలనుకుంటే లీచీని తీసేయండి, లేదా ఒంటి భాగానికి ఒక రంగు, తోకకు ఇంకో రంగు వేయండి.

క్విజ్‌కైతే ప్రశ్నలోనే షరతు పెట్టాలి. ‘ప్రపంచంలో అతి పెద్ద బల్లి ఏది’ అంటే రెండు జవాబులు సరైనవే. ‘ఇప్పుడు బతికున్నవాటిలో’ అన్న మాట చేరిస్తే గొడవ ఉండదు.

మామూలు చార్టు 56 × 71 సెంటీమీటర్లు. డెల్‌కోర్ బల్లి 62 కనుక పొడుగు వైపున పడుతుంది, రెండు చివరలా కలిపి తొమ్మిది సెంటీమీటర్లే మిగులుతాయి. పేరు ఆ చివరల్లో కాకుండా పైన రాయాలని ముందే అనుకోండి.

పెద్దది చేయడానికి, నిటారుగా పైనుంచి తీసిన ఫొటో ఎంచుకోండి. ప్రింటు మీద ముక్కు నుంచి వెనక కాళ్లు కలిసే చోటు దాకా కొలవండి, మలద్వారం అక్కడే ఉంటుంది. అది ఎనిమిది సెంటీమీటర్లు వచ్చి, కావలసింది 24 అయితే మూడింతలు పెంచాలి. ప్రింటు మీద ఒక సెంటీమీటరు గళ్లు, చార్టు మీద మూడు సెంటీమీటర్ల గళ్లు గీసి గడి గడి దించుకోవచ్చు. జిరాక్సులో ఏ4 నుంచి ఏ3 అంటే 141 శాతం. మూడుసార్లు చేస్తే 2.8 ఇంతలే వస్తుంది, మిగతా కొంచెం శాతం విడిగా అడగాలి. తోక వంకర తిరిగిన ఫొటోలో మొత్తం పొడవును స్కేలుతో తిన్నగా కొలిచి లెక్క కట్టడం వల్లే ఎక్కువ బొమ్మలు పాడవుతాయి. వంకర తోక తిన్నగా కొలిస్తే తక్కువ వస్తుంది, దాన్ని 36కు సాగదీస్తే ఒళ్లు ఉబ్బిపోతుంది.

ఫ్లెక్స్ షాపులో వేయించేవాళ్లు పొడవు ఒక్కటే చెప్పండి. పొడవు, వెడల్పు రెండూ చెబితే చదరపు అడుగుల లెక్కకు నప్పేలా బొమ్మను అటూ ఇటూ లాగేస్తారు. బల్లి తొండలాగో, చేపలాగో తయారవుతుంది. ఖాళీ మిగిలినా పరవాలేదు, నిష్పత్తి మార్చొద్దని గట్టిగా చెప్పాలి. ప్రింటు వచ్చాక అక్కడే టేపు పెట్టి ఒంటి భాగం కొలిచి చూసుకోండి.

బరువు చూపడానికి గుడ్డ సంచుల్లో బియ్యం నింపి కట్టండి: లీచీకి 275 గ్రాములు, టోకేకు 175. గోడ బల్లికి ఒక రూపాయి బిళ్ల. ఆ బిళ్లనూ ఆ సంచినీ రెండు చేతుల్లో పట్టుకున్నాక పిల్లలకు పొడవుల పట్టిక వివరించే పని చాలావరకు తగ్గుతుంది.

గోడ బల్లిని పట్టుకోకుండానే కొలవొచ్చు. టైల్స్ గోడ మీద ఉన్నప్పుడు ఫోనును గోడకు సమాంతరంగా పట్టి, టైలు మొత్తం పడేలా ఫొటో తీయండి. టైలు 30 సెంటీమీటర్లైతే, ఫొటోలో టైలు పొడవుకూ బల్లి ఒంటికీ ఉన్న నిష్పత్తితో అసలు కొలత వచ్చేస్తుంది. కింద నుంచి పైకి వాలుగా తీస్తే దూరంగా ఉన్న భాగం కుదించుకుపోయి ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఆరు సెంటీమీటర్ల బల్లికి అది చాలా పెద్ద తప్పు.

పెంచుకుందామనుకుంటే

ఈ ప్రశ్న కూడా వస్తుంది కనుక. టోకే, బంగారు బల్లి మన దేశపు వన్యప్రాణులు, పెంచడం కుదరదు. ఆకుతోక బల్లులు, పగటి బల్లులు సైటిస్ జాబితాలో ఉన్నాయి. అలాంటి విదేశీ జంతువులు చేతిలో ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేని జంతువును తక్కువ ధరకు కొంటే చిక్కు కొన్నవాళ్ల మెడకే.

లీచీకి వాతావరణమే మొదటి అడ్డంకి. దానికి 22 నుంచి 27 డిగ్రీలు హాయి, 30 దాటి అలాగే ఉంటే నలిగిపోతుంది. తిరుపతి మే నెలలో 40 దాటుతుంది. అంటే రోజంతా ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్, అదీ ఒకటి రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లకు పైగా బతికే జంతువుకు. అట్ట బొమ్మకైతే ఫ్యాను గాలికి ఎగరకుండా నాలుగు గుండుసూదులు చాలు.